ఏడో పలక ఛేదిక

తెర మీద వాలుగా ఉన్న పదకొండో నేల పలకకు నూకరత్నం మెట్ల ఛేదికను, అంటే మెట్ల దారికి కంత కోసే పనిముట్టును, అతికించి, దాని లోతు సరిచూసింది. పలక మందం ఒకచోట ఇరవై సెంటీమీటర్లు, మరోచోట నలభై. లోతును ఒక్క అంకెగా ఇస్తే కోత సగంలో ఆగిపోతుంది. అందుకే మందాన్ని బట్టి మారే సూత్రంగా రాసింది. సముద్రం మీద తేలే ఆ గోపురంలో ఏ పలకా బల్లపరుపుగా ఉండదు. మామూలు పనిముట్లు వాటిని నేలలుగా గుర్తించవు. ఒక్కో మెట్ల దారికీ పొడవు, వెడల్పు, లోతు ముడివేసి ఛేదికను మనిషే కూర్చాలి. తెర మీద కొలత మారితే గంటలోపు అసలు పలక కూడా మారుతుంది.

పదిన్నరకు ఉత్తర్వు వచ్చింది. ఏడో పలక, మెట్ల ఛేదిక, వెడల్పు సున్నా.

అంటే ఆ పలక కింద ఉన్న ఆరో అంతస్తును మూసేయాలి. కింది అంతస్తులను మూసి, వాటిలో గాలిని బిగబట్టి ఉంచడం వల్లే గోపురం తేలుతోంది. పదకొండేళ్ళలో ఐదింటిని ఆమే మూసింది. ప్రతిసారీ ఖాళీ అని కాగితం వచ్చేది, నమ్మేది. ఐదోది మూశాక రెండు రోజులపాటు కింద తట్టిన చప్పుడు వినిపించిందని కొలతల అప్పన్న చెప్పాడు. ఆ తర్వాత ఆమెకు అన్నం సయించలేదు.

ఆ అప్పన్న ఇప్పుడు ఆరో అంతస్తులోనే ఉన్నాడు. ఆమెకు పని నేర్పినవాడు. పైకి వెళ్ళేవాళ్ళ జాబితాలో అతని పేరు లేదు. వారం కిందట మెట్ల దారిని జానెడుకు కుదించింది కూడా నూకరత్నమే. ఆ సందులోంచి రొట్టెలు దిగుతున్నాయి గాని మనుషులు ఎక్కలేరు.

ఆమె అతనికి ఫోన్ చేసి ఎందరున్నారని అడిగింది. నలభై ముగ్గురమని చెప్పాడు.

"మూసేత్తే చెప్పెయ్ రత్నమ్మా. పిల్లల్ని ముందే పడుకోబెట్టుకుంటాం," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమెను కుంగదీసింది.

వెళ్ళి పర్యవేక్షకుడు పళ్ళంరాజుకు చెప్పింది. ఆయన తలెత్తకుండానే విన్నాడు.

"పైన రెండు వేలమంది ఉన్నారమ్మా. జాబితా మనం రాయలేదు."

"మూసేది మనమే కదండీ."

సాయంత్రంలోగా నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తానన్నాడు ఆయన. మంచివాడే. ఆయన భార్య పన్నెండో అంతస్తులో మంచం పట్టి ఉంది.

నూకరత్నం తిరిగొచ్చి కూర్చుంది. ఈ ఒక్క ఛేదికనే వెడల్పు చేస్తే ఆయన మరుక్షణం సున్నా చేయగలడు. కాబట్టి అన్నింటికీ ఆధారమైన మూల ఛేదికను తెరిచింది. దాన్ని మొదట కూర్చింది ఆమే గనుక మార్చే అధికారమూ ఆమె ఒక్కదానికే ఉంది. వెడల్పు సూత్రంలో ఒక షరతు చేర్చింది: అరవై సెంటీమీటర్లకు తగ్గరాదు. ఒక మనిషి భుజాలు పట్టేంత.

మూల ఛేదిక మారితే మూసిన ఐదు అంతస్తులూ తెరుచుకుంటాయి. గాలి పోయి అడుగు నుంచి నీళ్ళు చేరతాయి. గోపురం కుంగుతుంది. రెండు వేలమందిలో ఎందరు మిగులుతారో ఆమెకు తెలియదు. ఎవర్నీ కాపాడుతున్నానన్న భ్రమ కూడా లేదు. మళ్ళీ మూయడం మాత్రం తన చేతకాదు. మార్పును భద్రపరిచింది.

అరగంటకు కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. ఫోన్‌లో అప్పన్న రొప్పుతున్నాడు.

"ఎక్కుతున్నాం రత్నమ్మా. ఎనకాలే నీళ్ళూ ఎక్కుతున్నాయి."

పళ్ళంరాజు పరుగున వచ్చి ఆమెను పక్కకు జరిపి ఏడో పలక వెడల్పులో సున్నా కొట్టాడు. తెర మీద అరవై పడింది. మళ్ళీ సున్నా కొట్టాడు. మళ్ళీ అరవై.