మూడొందల పళ్లేల్లో ఒకటి

"పన్నెండింటికి లారీ కదులుతుంది. ఆ పళ్లెం దేశం దాటకూడదు. చెక్కు చెదరకుండా నా బల్ల మీదికి రావాలి. అర్థమైందా?"

చెవిలో దాచిన రిసీవర్లో చీఫ్ గొంతు కరకరలాడింది. ఏజెంట్ ఎజకి పళ్లు కొరికాడు. అర్థం కాక కాదు. పదకొండు వారాలుగా జపాన్‌లోని అరితా ఊళ్లో ఈ పింగాణీ కార్ఖానాలో ప్యాకింగ్ కూలీ వేషంలో అదే పళ్లెం కోసం చస్తున్నాడు. మన సబ్‌మెరైన్ల రహస్య దారుల మ్యాప్‌ని శత్రుముఠా ఒక పాత చెక్క అచ్చు బొమ్మలో, వాన గీతల మధ్య దాచి, పళ్లెం మీదికి ఎక్కించింది. అది దేశం దాటితే నీళ్లడుగునున్న నాలుగొందల మంది నావికులు మళ్లీ పైకి తేలరు.

పళ్లేలు మూడొందలు. ఏ రెండింటి మీదా ఒకే బొమ్మ లేదు. సగం బొమ్మల్లో వానే! ఆ పాత చిత్రకారులకి ఎండంటే పడదు కాబోలు. గుండీలో దాచిన భూతద్దంతో చూసి చూసి కళ్లు వాచాయి.

"దొరికిందా?" ఎర్రకోటులో రెయికా వచ్చింది. పైకి ఆ ముఠా తరఫు కొనుగోలుదారు, లోపల మన మనిషి. ఆమె అలాగే చెబుతుంది.

"నీకు తెలీదూ?"

"తెలిస్తే నిన్నెందుకడుగుతా? ఇంకా పదే నిమిషాలు."

ఎజకికి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో తనిఖీ బల్ల దగ్గర కేక. యాభై ఏళ్లుగా అక్కడ పళ్లేలు సరిచూసి, తప్పున్నవాటిని సుత్తితో పగలగొట్టే షిగే అవ్వ.

"ఎవర్రా ఈ పిల్లకి పీనుగ బట్ట కట్టింది?"

ఎజకి పరుగెత్తాడు. పళ్లెం మీద వానలో గొడుగు పట్టుకున్న అందగత్తె. కిమోనో కుడి అంచు పైకొచ్చింది, ఎడమది లోపలికి పోయింది. శవానికి తప్ప అలా ఎవరూ కట్టరు. ముఠావాడు హడావిడిలో అచ్చు తిరగేసి వేశాడు! పరాయివాడికి తెలియలేదంటే సరే. పుట్టినప్పటినుంచీ కిమోనోలు చూస్తున్న తను గీతలు లెక్కబెడుతూ కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"అవ్వా, అది ఇలా ఇచ్చెయ్! జాగ్రత్త!"

"ఇవ్వడమా? ఒకరింట్లో అన్నం తినే పళ్లెంరా ఇది!"

సుత్తి దిగింది. పళ్లెం పిండి పిండయింది.

రెయికా మొహం పాలిపోయింది. మన మనిషైతే, మ్యాప్ శత్రువుకి దక్కలేదని ఊపిరి పీల్చుకోవాలి కదా. ఎజకి గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. బయట లారీ రెండొందల తొంభై తొమ్మిది పళ్లేలతో కదిలింది.

"పళ్లెం ఏదయ్యా?" రిసీవర్లో చీఫ్.

"పగిలింది సార్. తనిఖీ అవ్వ పగలగొట్టింది."

"ఇప్పుడేం చేస్తోంది?"

"నన్ను పనిలోంచి తీసెయ్యమని మేనేజరుకి చెబుతోంది సార్. నాకు కళ్లు కనిపించవట."