ఛాయార్థి తెచ్చిన థీసిస్

రెండువేల డెబ్బై తొమ్మిది నాటికి, భీమిలి కొండ మీది రూపకల్పన విద్యాపీఠంలో ఎమ్.డిజైన్‌లో చేరినవాళ్లను చుట్టాలెవరూ "ఏం చదువుతావు?" అని అడగడం మానేశారు. "ఏదీ, నీ థీసిస్ చూపించు" అనేవారు. చేరిన నెలకే చూపించేవాళ్లు కూడా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని వెనకటికి నవ్వుకునేవారు గాని, ఇక్కడ సోమలింగం తెర మీద నిక్షేపంగా కనబడుతుంటే ఇంక నవ్వేదేముంది?

ఇదంతా ప్రొఫెసర్ పైడిరాజు కనిపెట్టిన ఛాయాశాల మహిమ. డిజైన్ చదువులో అసలు తలనొప్పి ఎలక్టివ్‌లతోనే. తప్పనిసరి కోర్సులు కొన్నే, మిగతావన్నీ విద్యార్థి ఏరుకోవాల్సినవే. మట్టిపని తీసుకుంటే రోబోల కోర్సుకి క్రెడిట్లు మిగలవు. రోబోల వెంట పడితే బట్టల స్టూడియో చేజారిపోతుంది. ఏది వదులుకున్నామో తెలిసొచ్చేసరికి రెండేళ్లూ అయిపోతాయి.

దీనికి పైడిరాజు మందు కనిపెట్టారు. విద్యార్థి రెండు వారాలు ఛాయాశాలలో కూర్చుని బొమ్మలు గీసుకుంటే చాలు. ఎలా గీస్తాడు, ఎక్కడ చెరుపుతాడు, ఏ పని రేపటికి వాయిదా వేస్తాడు, ఎవరైనా తప్పు పడితే ఎంతసేపు అలుగుతాడు, అన్నీ గమనించి యంత్రం అచ్చం అతనిలాంటి నకలును తయారుచేస్తుంది. దాని పేరే ఛాయార్థి. యంత్రం లోపల ఇదే కాలేజీ, ఇవే వర్క్‌షాపులు, ఈ మాస్టార్లే, చివరికి క్యాంటీన్‌లో ఇదే చల్లారిన ఉప్మా. ఛాయార్థి అక్కడ ఒక్క అరగంటలో రెండేళ్ల చదువు ముగించి థీసిస్ పట్టుకొస్తుంది. ఏ ఎలక్టివ్‌లు తీసుకుంటే ఎలాంటి థీసిస్ వస్తుందో చూసుకుని మనిషి తన దారి ఎంచుకోవచ్చు.

నియమం అంతవరకే. కానీ పండు చేతికొచ్చాక చెట్టుకి నీళ్లు పోసేదెవరు? మూడేళ్లుగా విద్యార్థులు ఛాయార్థి థీసిస్‌కే నాలుగు మెరుగులు దిద్ది తమదిగా ఇచ్చేస్తున్నారు. మాస్టార్లకి తెలియక కాదు. మార్కులు బాగుంటున్నాయి కనుక ఎవరూ నోరు మెదపలేదు.

తరళ అనకాపల్లి నుంచి వచ్చింది. బిస్కెట్ పెట్టెల మీద బొమ్మలు వేసే ఉద్యోగం మానేసి మరీ ఈ చదువులో చేరింది. అంతకుముందు ఏడాది వచ్చిన తుఫానులో ఆమె ఒక షెల్టర్‌లో సాయానికి వెళ్లింది. అక్కడ ముసలివాళ్లంతా సిమెంటు నేల మీద పడుకున్నారు. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. అడగడానికి మొహమాటపడి కొందరు మంచినీళ్లు తాగడమే మానేశారు. ఎవరి సాయమూ లేకుండా లేవగలిగే మడత మంచం ఒకటి చెయ్యాలన్న పట్టుదల తరళకి అప్పుడే కలిగింది. దానికి వెదురు పని నేర్చుకోవాలో, శరీర కొలతల శాస్త్రమో, మడత యంత్రాల కోర్సో తేల్చుకోలేక ఛాయాశాల మీద భారం వేసింది.

ఎలక్టివ్‌ల నమోదుకు ఆ సాయంత్రమే గడువు. దాటితే ఆఫీసువాళ్లు ఎక్కడ సీటు మిగిలితే అక్కడ పడేస్తారు. మిగిలేది ఎప్పుడూ ప్యాకింగ్ కోర్సే. మళ్లీ బిస్కెట్ పెట్టెలే గతి.

తరగతిలో తరళ వంతే చివరిది. మధ్యాహ్నం ధీమాగా లోపలికి వెళ్లింది. తెర మీద థీసిస్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. పైడిరాజు ఎలక్టివ్‌లు మార్చి చూశారు. ఎలా మార్చినా ఖాళీయే.

"మీ యంత్రం పాడైనట్టుంది మాస్టారూ" అంది.

"పాడవడమేటమ్మా, నిన్ననే పదును పెట్టినాను" అన్నారు పైడిరాజు. "లోపలి కాలేజీ పాతబడిపోనాది. కొత్త హాస్టలు, కొత్త లేత్ మిషన్లు అన్నీ చేర్చినాను. ఈ ఛాయాశాల కూడా పెట్టినాను."

"ఛాయాశాల లోపల ఛాయాశాలా?"

"అది లేకపోతే మన కాలేజీ ఎలాగవుతాది తల్లీ?" అన్నారాయన. ఇల్లు కట్టుకున్నవాడు గుమ్మం మీద పేరు చెక్కించుకోడా మరి.

ఛాయార్థినే అడుగుదామని తెర మీదికి పిలిచారు. అది క్యాంటీన్ మెట్ల మీద కూర్చుని పకోడీ తింటోంది. తరళ జడే, తరళ చెప్పులే.

"థీసిస్ ఏదమ్మా?" అన్నారు మాస్టారు.

"వచ్చేస్తుందండి. లోపల నా ఛాయార్థి చేస్తోంది."

పైడిరాజు లోపలి ఛాయాశాలలోకి తొంగిచూశారు. అక్కడి ఛాయార్థి కూడా అవే మెట్ల మీద కూర్చుని ఉంది. దాని కిందది కూడా అంతే. తాడిని తన్నేవాడొకడుంటే వాడి తలదన్నేవాడొకడు. ఎంత లోతుకు పోయినా వెదురు ముక్క ముట్టుకున్న ప్రాణి లేదు.

"నకలు మాత్రం బాగా కుదిరినాది" అని ఆయన గొణుక్కున్నారు. అది మెచ్చుకోలో ఏడుపో ఆయనకే తెలియలేదు.

తరళకి సిగ్గుతో ముఖం వేడెక్కింది. మిగతావాళ్లలా తను మార్కుల కోసం రాలేదని ఇన్నాళ్లూ లోలోపల గర్వపడింది. కానీ ఈ రెండు వారాల్లో గీసిన మంచాలన్నీ సగంలోనే ఆపేసింది. ఛాయార్థి చూసుకుంటుందిలే అనుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. యంత్రం మాత్రం కనిపెట్టేసింది.

"కంగారు పడకు" అన్నారు మాస్టారు. "లోపలున్న ఛాయాశాల పీకేస్తాను. వేరే దిక్కు లేకపోతే అదే వొళ్లొంచుతాది. సాయంత్రంలోగా నీ మంచం నీ చేతిలో ఉంటాది."

తరళ సరేనని తలూపబోయింది. ఇంతలో ఛాయార్థి తెరలోంచి ఆమెను పరకాయించి చూసింది.

"పక్కనున్నది ఎవరు మాస్టారూ? అచ్చం నాలాగే ఉన్నారు."

"నేనే తరళని" అంది తరళ. "నన్ను చూసే నిన్ను చేశారు."

ఛాయార్థి ముఖం వెలిగిపోయింది. "అయితే మంచం మీరు చేసేసే ఉంటారుగా? ఒక్కసారి చూపించండి."

చూపించడానికి తరళ దగ్గర ఏమీ లేదు. షెల్టర్‌లో దాహంతో పడుకున్న ఆ ముసలివాళ్లు ఆమె కళ్లకి ఇంకా నేల మీదే కనిపించారు.

"ఏమీ పీకకండి మాస్టారూ" అంది. "వెదురు పని, శరీర కొలతలు. నాకు ఆ రెండూ రాసెయ్యండి. లేవలేని మనిషి చెయ్యి ఎక్కడ ఆనిస్తుందో ముందు నా చేతికి తెలియాలి."

"ఆ రెండూ కలిస్తే థీసిస్ ఎలాగొస్తాదో తెలవదు కదమ్మా."

"తెలీదండి. చేస్తే తెలుస్తుంది."

ఆమె గొంతులో తడబాటు లేదు. పైడిరాజు ఆమె వైపొకసారి, తన యంత్రం వైపొకసారి చూసి, నమోదు చేశారు. తరళ తెర వైపు తిరిగింది.

"ఇంకా చెయ్యలేదమ్మా" అని ఛాయార్థితో నిజమే చెప్పింది. "ఇవాళే మొదలుపెడుతున్నాను."

ఛాయార్థి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మెట్టుకి జారగిలబడింది.

"పర్వాలేదండీ, తొందరేముంది" అంది. "మీరు నిదానంగా చెయ్యండి. అయ్యేవరకూ నేనిక్కడే కూర్చుంటాను."