ముప్పై నాలుగు బదులు నలభై మూడు

పొలాలకి మందు కొట్టే డ్రోను దిగాల్సింది కాలవ గట్టున ఆగిన ట్రాలీ ఆటో పక్కన. దిగింది మాత్రం రెబ్కా వాళ్ళ మిరపకాయల కల్లం నడిమధ్యన. దాని రెక్కల గాలికి ఎండుకాయలన్నీ ఎగిరి పక్క పత్తిచేలో పడ్డాయి. ఘాటు ఒక్కటే ఎక్కడికీ పోలేదు.

డ్రోను నడిపే పానకాలు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఆ ఇంటి అమ్మాయి రెబ్కా చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని తుమ్ముల మధ్య తిడుతోంది.

"ఏవండీ... హాచ్... ఇదేమన్నా ఎయిర్‌పోర్టు అనుకున్నారా?"

"సారీ అండీ. పాయింటు తప్పు కొట్టా... హాచ్!"

"పాయింటేంటి?"

అతను అరచెయ్యి చూపించాడు. డ్రోను ఎక్కడ తిరగాలో, ఎక్కడ దిగాలో ఆ చోట్ల నంబర్లు ట్యాబ్‌లో కొట్టాలి. పానకాలు ముందు వాటిని పెన్నుతో చేతి మీద రాసుకునేవాడు, తర్వాత చూసి కొట్టేవాడు. చేతి మీద 16.1934 అని ఉంది. ట్యాబ్‌లో 16.1943 అని పడింది.

"ముప్పై నాలుగుకీ నలభై మూడుకీ తేడా తెలీదా?"

"వంద మీటర్లండీ."

"అది మాత్రం బాగా తెలుసు! ఇంకా నయం, ట్యాంకులో మందు లేదు. ఉంటే ఏడాది పంట పోయేది మాకు."

ఆ మాటకి పానకాలు ముఖం పాలిపోయింది. అది చూసి రెబ్కా కాస్త తగ్గింది.

"సరే, ఏరండి. ఒక్క కాయ కూడా మిగలకూడదు."

పొద్దు వాలేదాకా ఏరాడు. రెబ్కా తల్లి ప్రేమమ్మ మజ్జిగ తెచ్చి, "తిన్నావా అయ్యా పొద్దున?" అని అడిగింది. అతను ముఖం పక్కకి తిప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఘాటు వల్లేనని చెప్పాడు.

ఘాటు వల్ల కాదు. మంగళగిరిలో వాళ్ళమ్మ పోయి ఏడాదైంది. అతని మంచం ఉన్న చోట అన్న ఇంకో మగ్గం వేయించాడు. తప్పనడానికి లేదు, అన్నకి పిల్లలున్నారు. అప్పట్నుంచీ పానకాలుది ఊరికో లాడ్జి గది. మందు ఎంత పట్టింది, ఎన్ని ఎకరాలు అయ్యాయి అని అడిగేవాళ్ళే కానీ, తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు.

వెళ్ళేటప్పుడు రెబ్కా ఫోను నంబరిచ్చి ఒక షరతు పెట్టింది.

"రేపట్నుంచి పాయింట్లు నాకు ఫొటో తీసి పంపండి. నేను చదువుతా, మీరు కొట్టి తిరిగి నాకు చెప్పండి. మళ్ళీ మా కాయల మీద దిగితే ఊరుకోను."

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే చెవిలో ఆమె గొంతు. ఒకటి, ఆరు, పాయింట్, ఒకటి, తొమ్మిది... పానకాలు కొట్టి, తిరిగి చదివేవాడు. ఆ రోజుకి అతనితో ఎవరైనా మనసు పెట్టి మాట్లాడింది అంతే. మూలకో పాయింటు చొప్పున పొలాలకి నాలుగు మూలలే ఎందుకుంటాయో అని అతనికి బెంగగా ఉండేది.

"మూడో పాయింటు మళ్ళీ చెప్పండి, సిగ్నల్ లేదు" అన్నాడొకరోజు.

"సిగ్నల్ లేదా? మీరు నిలబడింది టవర్ కిందేగా. కల్లంలోంచి కనిపిస్తున్నారు."

అతను తల పైకెత్తాడు. దూరంగా కల్లంలో ఎర్రటి కాయల పక్కన చిన్న చెయ్యి ఊగింది. ఆ రోజంతా పానకాలు ఒక్కడే నవ్వుకున్నాడు.

ఇరవయ్యో రోజున కంపెనీవాళ్ళు అతన్ని కనిగిరి వైపు తోటలకి వెళ్ళమన్నారు.

"రేపట్నుంచి కనిగిరండీ" అన్నాడు ఫోనులో. వెళ్ళొద్దంటుందేమోనని చూశాడు.

"అలాగా. మంచిది" అంది రెబ్కా. ఫోను పెట్టేసింది.

పొద్దున దారిలో కల్లం దగ్గర ఆటో ఆపాడు. కాయలు టిక్కీ బస్తాలకెక్కి గుంటూరు యార్డుకి వెళ్ళిపోయాయి. కాయలు ఆరబోసిన పట్టాలు చుట్టేశారు. ఖాళీ నేల మీద రెండు తాలుకాయలు పడున్నాయి. ఎవరూ లేరు. ఒక కాయ తీసి జేబులో వేసుకున్నాడు. ఎందుకో అతనికే తెలియదు.

కనిగిరిలో మొదటిరోజు పాయింట్లు తనే రాసుకుని, తనే కొట్టి, పైకి చదివాడు. అవునని చెప్పేవాళ్ళు లేరు. ఎదురుగా గుట్ట, చుట్టూ ఎండ. ఇంత ఒంటరితనం తనకెప్పుడూ తెలియదనిపించింది. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగోరోజు ఫోను మోగింది.

"ఫొటోలు పంపట్లేదేం?"

"మీ కల్లం ఇక్కడికి నూట పాతిక కిలోమీటర్లండీ. దిగినా మీ కాయల మీద దిగదు."

"కాయలు అమ్ముడుపోయాయిలే. నేను ఫోను చూసుకుంటూ కూర్చుంటున్నా. వెళ్తున్నానంటే మంచిదన్నాను కానీ, నీకు అంత తొందరగా మంచిదైపోతుందనుకోలేదు."

పానకాలు జేబులో చెయ్యి పెట్టాడు. ఆ రోజు తీసిన తాలుకాయ చేతికి తగిలింది.

"ఉన్నావా?"

"ఉన్నా. రెబ్కా, పొద్దున్నే నీ గొంతు వినకపోతే నాకు రోజు మొదలైనట్టు లేదు."

రెబ్కా గొంతు సవరించుకుని, రోజూ చదివేలాగే మొదలుపెట్టింది.

"రాసుకో, ఒక పాయింటు చెప్తా. ఆదివారం దిగాలి. ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం భోజనానికి. అమ్మతో అన్నీ చెప్పేశా. ముందు మనిషిని కూర్చోబెట్టి మాట్లాడాలంది. ఒకటి, ఆరు, పాయింట్, ఒకటి..."

"తొమ్మిది, నాలుగు, మూడు" అన్నాడు పానకాలు.

"చేతి మీద రాసుకున్నావా?"

"లేదు" అన్నాడతను. "రాసుకోకుండా నాకు వచ్చిన నంబరు మీ కల్లానిదొక్కటే."