షేక్‌పేట్ షేర్ చూపిన దారి

ఫిల్మ్‌నగర్‌లో రోడ్డు పక్కన ఆగి ఉన్న ఆ వ్యానిటీ వ్యాన్‌లో హీరో లేడు, హీరోయినూ లేదు. గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ మంజులత ఉంది. ఆమె ఎదురుగా ఏజెంట్ తిరుమలేశ్ నిలబడి ఉన్నాడు. వ్యానిటీ వ్యాన్ తలుపు తట్టే ధైర్యం సినిమావాళ్లలోనే చాలామందికి ఉండదు. రహస్య సమావేశాలకి అంతకంటే భద్రమైన చోటు ఈ ఊళ్లో దొరకదని కనిపెట్టింది మంజులతే.

"కోడ్?"

"కాల్షీట్ క్యాన్సిల్."

"రీషూట్ ఓకే. కూర్చో. గీ ఆట ఎర్కేనా నీకు?"

ఆమె రిమోట్ నొక్కింది. టీవీలో మంచు కురవడం మొదలైంది. కొండ మీద ఓ బంగళా, చుట్టూ ఉన్నికోట్లు వేసుకున్న గార్డులు. 'వైట్ బంగ్లా' అనే కన్సోల్ గేమ్. ఇంకా పూర్తి ఆట రాలేదు, డెమో మాత్రం పోయినవారం విడుదలైంది. ఆదివారం తిరుమలేశ్ అన్నం కూడా మానేసి ఆడింది దాన్నే.

"పేరు విన్న మేడం," అన్నాడు. సర్వీసులో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో ఆడకూడదు, రాయకూడదని డిపార్ట్‌మెంట్ రూలు. అది మీరితే ఉద్యోగం ఊడుతుంది.

"లోపల ఓ ముసలాయన ఉంటడు. గార్డుల కండ్లు గప్పి ఆయనను ఎత్తుకపోవాలె. గంతే ఆట. ఇప్పుడు ఇది జూడు."

రెండో బొమ్మ వచ్చింది. అదే బంగళా. అవే వెనక మెట్లు, పెరట్లో అవే రెండు పెద్ద బండలు. మంచు మాత్రం లేదు. గోడ మీద కాగితంపూల తీగ ఎండలో మెరుస్తోంది.

"జూబ్లీహిల్స్. మన సేఫ్ హౌస్," అంది మంజులత.

తిరుమలేశ్ ఆ ఇంటిని ఎప్పుడూ చూడలేదు. అక్కడ పనిచేసేవాళ్లకి తప్ప ఎవరికీ దాని ఆచూకీ చెప్పరు. లోపల ఉన్నది ప్రొఫెసర్ సుబ్బరామయ్య. 'గ్రే లాంతర్' అనే విదేశీ ముఠా రహస్య సందేశాలను విప్పి చదివినవాడు. రేపు ఢిల్లీలో సాక్ష్యం చెప్పాలి. అందాకా ఎవరికీ అనుమానం రాకుండా ఆ ఇంటిని షూటింగ్ హౌస్‌గా మార్చారు. ముందు వాకిట్లో రోజూ ఉత్తుత్తి షూటింగు నడుస్తుంది, జనరేటర్, లైట్లు, జూనియర్ ఆర్టిస్టుల వేషంలో గార్డులు.

"మరి వాళ్ల చేతికెట్ల చిక్కింది మేడం?"

మంజులత నిట్టూర్చింది. "షూటింగ్ ఇల్లన్నంక లొకేషన్ చూస్తమని రోజుకొకరు వస్తరు. రానియ్యకపోతే అనుమానం. ఎవరో రెక్కీ అనుకుంట వచ్చిన్రు. మనోళ్లే చాయ్ ఇచ్చి మరీ అన్ని రూములు చూపిచ్చిన్రు. వాళ్లు ఇల్లంత స్కాన్ చేసుకొని పోయి ఆటల పెట్టిన్రు. ఎందుకో ఎర్కేనా? ఆడినోళ్లు ఊకుంటరా? ఇంప్రెషన్లు రాస్తరు. ఏ దారి సులువు, ఏ గార్డు ఎక్కడ తడబడతడు, అన్నీ. కిడ్నాప్‌కు లోకమంత కలిసి రిహార్సల్ జేసి పెట్టింది. అండ్ల అందరికంటె పైన నిలిచింది ఇది."

ఆమె ఫోన్ తీసి చదివింది.

"'డెమో ఇంప్రెషన్స్. రాసింది షేక్‌పేట్ షేర్. గ్రాఫిక్స్ కిరాక్. ముందు గేటు జోలికి పోకండి. వెనక మెట్ల దగ్గర గార్డు మహా బద్దకస్తుడు. ప్రతి రౌండులోనూ నడిమెట్టు మీద ఊరికే నిలబడిపోతాడు. వీడికి జీతం దండగ. అప్పుడే వెనక నుంచి ఒక్కటియ్యండి. వంటింటి తలుపు గుండా వెళ్లి, ముసలాయన్ని పెట్టెలో పెట్టి, బండల మధ్య సందులోంచి బయటికి తెచ్చేయండి. సందులో మాత్రం జాగ్రత్త, పెట్టె మోస్తుంటే ఆయుధం తీయలేం.'"

షేక్‌పేట్ షేర్ అంటే తిరుమలేశే. ఎంత ముచ్చటపడి రాసుకున్నాడు ఆ వాక్యాలన్నీ!

"ఆ మెట్ల మీద గార్డు ఎవరనుకున్నవ్? మన భిక్షం. నడకతో సహా దింపిన్రు."

మోకాలు! భిక్షం మెట్ల మధ్యలో ఆగేది బద్దకంతో కాదు. మూడేళ్ల కిందట బోరబండ స్టేషన్లో ఒకణ్ణి తరుముతూ తిరుమలేశ్ పట్టాల మీద పడిపోతే, ప్లాట్‌ఫాం మీది నుంచి దూకి అతన్ని అవతలికి లాగినవాడు భిక్షం. అలా దూకడంలోనే మోకాలి చిప్ప పగిలింది. తను బతికి ఉన్నది ఆ కుంటి నడక పుణ్యాన. ఆ నడకనే తను నలుగురిలో పెట్టి ఎగతాళి చేశాడు. తిరుమలేశ్‌కి తన మొహం తనే చూసుకోలేనంత సిగ్గేసింది.

"పెద్దాయనను ఇప్పుడు ఇల్లు మారుద్దమంటే దారిలనే కాపు కాస్తరు. ఈ షేక్‌పేట్ షేర్ ముఠా మనిషే అయ్యుంటడు. సాయంత్రం లోపల వాని మెడ వట్టి నా ముందర నిలవెట్టు. గదే నీ అసైన్‌మెంట్."

'నేనే మేడం' అన్న మాట గొంతు దాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేసి, "ఎస్ మేడం," అన్నాడు.

తనను తాను వెతకడం సులువే. ఆ ముఠా ఎప్పుడు వస్తుందో తెలుసుకోవడమే కష్టం. అది చెప్పగలిగిన మనిషి ఒక్కతే, రష్మి. ఆ ఆటలో నాయిక ముఖమూ నడకా ఆమెవే. ముఠాకీ పనిచేస్తుంది, మంజులతకీ కబుర్లు చేరవేస్తుంది. తిరుమలేశ్ గేమింగ్ ఛానల్ యాంకర్ వేషం కట్టాడు. పిలక విగ్గు, మెడలో హెడ్‌ఫోన్లు, ఫ్రేములో ఫ్లాష్ దాచిన కళ్లజోడు. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ స్టూడియో వరండాలో ఆమె ఎదురైంది. పట్టుచీరలో, నిలువెత్తున, చూసినవాడు దారి మర్చిపోయేలా ఉంది.

"డెమో గురించి రెండు మాటలు చెప్తారా మేడం?"

రష్మి అతని నెత్తి వైపు చూసి నవ్వింది. "విగ్గు కృష్ణానగర్‌లో కిరాయికి తెచ్చారా? పక్కకి జారింది చూసుకోండి, షేక్‌పేట్ షేర్ గారూ."

తిరుమలేశ్ కొయ్యబారిపోయాడు. "మీకెట్ల తెలుసు?"

"బాగా రాశారని కంపెనీవాళ్లు మీకు ఫుల్ వెర్షన్ బహుమతిగా ఇస్తామన్నారు కదండీ. మీరు సొంత పేరుతో ఉన్న ఈమెయిలే ఇచ్చారు, అది ముందు చూసింది నేనే. ఏం గూఢచారండీ మీరు!"

"ముఠాకు చెప్పారా?"

"వాళ్లకీ చెప్పలేదు, మంజులత గారికీ చెప్పలేదు. ఇద్దరి దగ్గరా కాస్త కాస్త దాచుకోకపోతే డబుల్ ఏజెంట్ ఎలా బతుకుతుందండీ?" అంతలోనే ఆమె గొంతు తగ్గింది. "రేపటి దాకా ఆగరు వాళ్లు. ఈ మధ్యాహ్నమే. బ్రేక్ చెప్పగానే యూనిట్ అంతా భోజనాల వరసలోకి వెళ్తుంది, వెనక భిక్షం ఒక్కడే మిగులుతాడు. లైట్‌మెన్ వేషంలో ఇద్దరు వస్తారు. మీరు రాసిన దారినే, పొల్లు పోకుండా. ముసలివాళ్లని పెట్టెల్లో కుక్కడం నాకు నచ్చదు, అందుకే చెప్తున్నాను. వెళ్లండి."

తిరుమలేశ్ బైక్ దగ్గరికి పరిగెత్తుతూ మంజులతకి ఫోన్ చేశాడు.

"మేడం, వెనక మెట్ల నుంచి వస్తున్నరు. ఇయ్యాలనే. బ్రేక్‌ల."

"ఎవరు చెప్పిన్రు?"

"సోర్స్."

"ఆ రష్మేనా? ఆమె మాట నమ్మి ముందు గేటు ఖాళీ జేస్తనా? వాళ్లకు గావాల్సింది గదే కావచ్చు. ఆ దారినే వస్తరని నీకెట్ల గ్యారంటీ?"

గ్యారంటీ ఉంది. ఆ దారి తను రాసింది, దానికి బహుమతి తీసుకోవడానికి కూడా ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాట చెబితే ఆమె నలుగుర్ని వెనక్కి పంపేది. తిరుమలేశ్ నోరు తెరిచాడు. ఉద్యోగం గుర్తొచ్చింది. "నేనే పోతున్న మేడం," అని ఫోన్ పెట్టేశాడు. తను ముందుగా చేరితే చాలు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. పిరికివాడి లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి.

చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ కదల్లేదు. పక్కవాడి కారు అద్దం విరగ్గొట్టి, తిట్లు తిని, ఫుట్‌పాత్ మీది నుంచి కొండెక్కాడు. బంగళా ముందు వాకిట్లో పళ్లాల చప్పుడు వినబడుతోంది. బ్రేక్ చెప్పేశారు.

పక్క గోడ దూకి వెనక్కి వెళ్లేసరికి భిక్షం నడిమెట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. తల వెనక నుంచి రక్తం కింది మెట్టు మీదికి కారుతోంది.

"అన్నా! భిక్షమన్నా!"

భిక్షం ఒక కన్ను తెరిచాడు. "నన్ను ఇడిసిపెట్టు తమ్మీ. పెద్దాయనను సూడు. లోపలికి పోయిన్రు."

వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు. అయినా వెళ్లాడు. వంటింటి వైపు వెళ్లలేదు. అక్కడి నుంచి వాళ్లు ఎటు వస్తారో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బండల మధ్య సందుకి అవతల నక్కి కూర్చున్నాడు.

కాస్సేపటికి ఇద్దరు లైట్‌మెన్ కాస్ట్యూమ్ పెట్టె మోసుకుంటూ సందులోకి వచ్చారు. రెండు చేతులూ పెట్టెకే. తిరుమలేశ్ ఎదురొచ్చి కళ్లజోడు నొక్కాడు. ఫ్లాష్ వెలుగుకి ముందువాడు కెవ్వుమని పెట్టె వదిలేసి బండకి గుద్దుకున్నాడు. లోపలి నుంచి, "మెల్లిగా దించండి బాబూ, నడుం పోయింది!" అని సుబ్బరామయ్య గారి గొంతు వినిపించింది.

రెండోవాడు పరిగెత్తలేదు. జేబులోంచి విషం సూది తీసి పెట్టె మూత ఎత్తాడు. ప్రొఫెసర్ తమ చేతికి చిక్కకపోతే ప్రాణాలతో ఉంచొద్దని వాళ్లకి ఆర్డర్. సూది మొన ముసలాయన మెడని తాకుతుండగా తిరుమలేశ్ వాడి మణికట్టు మీద కాలితో తన్నాడు. సూది బండ మీద పడి ముక్కలైంది. గొడవ విని ముందు వాకిలి గార్డులు ఎంగిలి చేతులతోనే వచ్చి ఇద్దర్నీ కట్టేశారు.

మంజులత వచ్చి అంతా చూసింది. "షబాష్. మరి షేక్‌పేట్ షేర్ దొరికిండా?"

"దొరికిండు మేడం. నేనే."

ఆమె అంబులెన్స్‌లోకి ఎక్కిస్తున్న భిక్షం వైపు చూసింది. "ఈ మాట ఫోన్ల చెప్తే భిక్షం తల పగలకపోవు," అంది. సస్పెన్షన్ ఆర్డర్ ఆ సాయంత్రమే వచ్చింది. దాన్ని చదివాక, శిక్షైనా పడినందుకు తిరుమలేశ్‌కి కాస్త ఊపిరాడింది.

మర్నాడు ప్రొఫెసర్ ఢిల్లీలో సాక్ష్యం చెప్పారు. తిరుమలేశ్ ఆస్పత్రికి వెళ్లాడు. తలకి కట్టుతో భిక్షం మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ మంచం పక్కన నిలబడి తిరుమలేశ్ ఏదీ దాచకుండా చెప్పేశాడు, బహుమతి సంగతితో సహా.

"నన్నేమని రాసినవ్? చదువు ఒకపారి," అన్నాడు భిక్షం.

"వద్దన్నా."

"చదువు."

తిరుమలేశ్ చదివాడు. 'జీతం దండగ' అన్న మాట దాటేయబోయాడు. భిక్షం ఊరుకోలేదు, ఆ మాట కూడా చదివించాడు. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అతను తిట్టినా బాగుండేదనిపించింది తిరుమలేశ్‌కి.

"ఈ ఆట శానమంది ఆడిన్రా?" అన్నాడు చివరికి, గోడనే చూస్తూ.

"లక్షల మంది అన్నా."

"అందరు నా కుంటుడు సూసిన్రు?"

"సూసిన్రు."

భిక్షం మోకాలు నెమ్మదిగా నిమురుకున్నాడు.

"గంతమందిల ఒక్క ఎముకల డాక్టరు గూడ లేకపాయెనా తమ్మీ?"