బల్ల మీద రెండుసార్లు

"గా నోటు ఎందుకు వాపస్ ఇచ్చినవ్?" అంది సృజన.

"టిప్ తీసుకోవద్దు," అన్నాడు సాయినాథ్.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఆస్ట్రేలియా."

శామీర్‌పేట రిసార్టులో అదొక సంగీత్ ఫంక్షన్. పెళ్లివారి సరదా కోసం ఒక మూల క్యాసినో బల్లలు వేశారు. ప్లాస్టిక్ చిప్స్, ఉత్తుత్తి పందేలు. ముక్కలు పంచేవాళ్లు మాత్రం అసలైనవాళ్లు. సృజన గోవా క్యాసినోలో డీలర్‌గా పనిచేసి వచ్చింది. సాయినాథ్ మెల్‌బోర్న్‌లో చదువుకుంటూ అక్కడ అదే పని చేశాడు. అతనిది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర నిలబెట్టడం అదే మొదలు.

పెళ్లికూతురి మేనమామ ఓడిపోయి, సంతోషించి, ఐదు వందల నోటు ఇవ్వబోయాడు. సాయినాథ్ దాన్ని వేలితో వెనక్కి తోసి, రెండు అరచేతులూ తెరిచి, తిప్పి చూపించాడు. చేతిలో ఏమీ లేదని చూపడం డీలర్ల పద్ధతి. మేనమామకు ఆ పద్ధతి తెలియదు.

"నా పైసలు పైసలు గావా?"

సృజన చప్పున నోటు అందుకుంది. వేళ్ల కణుపులతో బల్ల మీద రెండుసార్లు కొట్టి, "థాంక్యూ మామా" అని టిప్పుల డబ్బాలో వేసింది. మేనమామ చల్లబడి, మళ్లీ ఓడిపోవడానికి కూర్చున్నాడు.

"ఆడ టిప్ తీసుకుంటే నౌకరి పోతది. చట్టం ఒప్పుకోదు," అన్నాడు సాయినాథ్ తర్వాత.

"గోవాల తీసుకోకుంటే దోస్తులు పోతరు. డబ్బా అందరిది. తీసుకున్న అని అందరికి తెల్వాలె, గందుకే రెండుసార్లు కొడ్తం. అమెరికాల అయితే ఆడెటోళ్లు డీలర్ పేరు మీద పందెం గడ్తరంట. గెలిస్తే డీలర్‌దే."

"ఓడితే?"

"ఓడితే నీ మొఖం."

ప్రేమకు ఇది మంచి ఆరంభం కాదు. మంచి ఆరంభాలు ఎక్కడికి చేరాయో కూడా చూశాం.

వానాకాలం వచ్చింది. ప్రతి ఫంక్షన్ అయ్యాక సాయినాథ్ ఆమెను బండి మీద మేడ్చల్‌లో వాళ్లింటి దగ్గర దింపేవాడు. శామీర్‌పేటవాడి ఇంటికి మేడ్చల్ దారి కాదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఒకరోజు బస్ డిపో దగ్గర వాన పట్టుకుంది. చాయ్ హోటల్ రేకు కింద నిలబడ్డారు. ఆమె తల తుడుచుకోమని చున్నీ ఇచ్చింది. వద్దన్నాడు. సమోసా ఇచ్చింది. వద్దన్నాడు. చాయ్ పైసలు ఆమె ఇవ్వబోతే తనవి తానే ఇచ్చాడు.

"ఎవలన్న ఏమన్న ఇస్తే నీకు జరమొస్తదా?"

"అలవాటైంది."

"గా వానను గూడ వాపస్ ఇయ్యి పో."

అతను ఆమెను చూశాడు. ఆమె అతన్ని చూసింది. వాన ఎవరినీ చూడలేదు, దాని పని అది చేసుకుంది.

శ్రావణంలో సృజనకు ఖాట్మండు క్యాసినోలో ఉద్యోగం వచ్చింది. సోమవారంలోగా చెప్పాలి. ఆమెకు వెళ్లాలని లేదు. ఉండమని ఒకడు అనాలి. ఆ ఒకడికి నోరు లేదు.

శనివారం ఫంక్షన్‌కు అతిథులు ఇంకా రాలేదు. సృజన వచ్చి అతని బల్ల ముందు ఆడేవాళ్ల కుర్చీలో కూర్చుంది. ఎర్ర చిప్ ఒకటి ముందుకు జరిపింది.

"ఇది డీలర్ పేరు మీద. అమెరికా లెక్క."

"ఏం పందెం?"

"నేనే. గెలిస్తే ఖాట్మండు పోను. నువ్వొచ్చి మా బాపుతోని మాట్లాడాలె."

బుర్ర కంటే చెయ్యి ముందు కదిలింది. సాయినాథ్ చిప్‌ను వెనక్కి తోసి, రెండు అరచేతులూ తెరిచి చూపించాడు.

సృజన ఆ చేతుల వంక చూసింది.

"మంచిది. ఖాళీగనే ఉన్నయ్," అని లేచి వెళ్లిపోయింది.

అతనికి అర్థమయ్యేసరికి జనం వచ్చి కూర్చున్నారు. ఆట నడుస్తుండగా డీలర్ బల్ల వదలకూడదు. అది మాత్రం అన్ని దేశాల్లోనూ ఒకటే. ఆట ముగిశాక చూస్తే ఆమె అప్పటికే ఆటోలో వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తలేదు.

ఆదివారం పొద్దున సాయినాథ్ మేడ్చల్‌లో సృజన ఇంటికి వెళ్లాడు. తండ్రి జనార్ధన్ వరండాలో ఉన్నాడు. ఒకప్పుడు పొలాలు దున్నించిన మనిషి, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నాడు.

"ప్లాట్ కావాల్నా బాబు?"

"వద్దంకుల్."

లోపల గిన్నె ఒకటి గట్టిగా కింద పడింది.

"నేను సృజనతోని పనిజేస్త. సాయినాథ్, శామీర్‌పేట."

సృజన చాయ్ తెచ్చి టీపాయి మీద పెట్టింది. అతని ముఖం చూడలేదు.

"ఈయన తాగడు బాపు. ఏమిచ్చినా తీస్కోడు. చట్టమంట."

"మా ఇంట్ల చాయ్ గూడ తాగవా?" అన్నాడు జనార్ధన్. అది ప్రశ్న కాదు.

సాయినాథ్ కప్పు అందుకున్నాడు. టీపాయి మీద కణుపులతో రెండుసార్లు కొట్టాడు. కాలుతున్న చాయ్ ఆగకుండా తాగేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్న తప్పయింది. చెయ్యి ఆగలే. గా చిప్ మళ్ల పెట్టు," అన్నాడు సృజనతో.

"చిప్ రిసార్టుల ఉన్నది."

"అయితే ఉత్తగనే పెట్టు."

సృజన టీపాయి ముందు కూర్చుంది. తర్వాత ఖాళీ వేళ్లతోనే ఏదో జరిపినట్టు టీపాయి మీద ముందుకు జరిపింది. సాయినాథ్ మళ్లీ రెండుసార్లు కొట్టాడు.

"ఏంది గా కొట్టుడు? టీపాయికి చెదలు పట్టినయా?" అన్నాడు జనార్ధన్.

"తీసుకున్న అని చెప్పుడు బాపు. డీలర్లు గట్లనే కొడ్తరు."

"ఏం తీసుకున్నడు?"

జనార్ధన్ ఎన్నో బేరాలు చూసినవాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు.

"మీ ఇంటోళ్లు ఏం జేస్తరు?"

"చెరువుల చేపలు పడ్తరంకుల్."

జనార్ధన్ ముఖం అంత బాగా లేదు. కూతురి వైపు తిరిగాడు.

"ఖాట్మండు ఎంత దూరం?"

"మస్తు దూరం బాపు."

"శామీర్‌పేట?"

"అర్ధగంట."

ఆయన వీధి వంక చూశాడు. తర్వాత వంగి, కణుపుతో టీపాయి మీద రెండుసార్లు కొట్టాడు.

"చెదలైతే లేవు," అన్నాడు. "పోరగానికి ఇంకో చాయ్ తే. సల్లార్చి తే."