మూడు చుక్కల అతుకు

పగలంతా ఆ షెడ్డుకి జనం గేట్లకీ, కిటికీ ఊచలకీ, విరిగిన కుర్చీ కాళ్ళకీ వస్తారు. ఆదివారాలు మాత్రం అది ముగ్గురు మిత్రుల రాజ్యం. షెడ్డు నడిపేవాణ్ణి అందరూ మేస్త్రీ అంటారు, వెల్డింగులో చెయ్యి తిరిగినవాడు. రెండోవాడు ప్లంబరు. మూడోవాడు బక్కోడు. పని అంటే బద్ధకం, కబుర్లంటే ప్రాణం.

ముగ్గురూ కలిసి చేసేవి మూడు చక్రాల బళ్ళు. ముందు పాత సైకిలు చక్రం, హ్యాండిలు. వెనక రెండు బుల్లి చక్రాలు, వాటికి ప్లంబరు కోసి తెచ్చిన లావుపాటి ప్లాస్టిక్ పైపు తొడుగులు. మధ్యలో, నేలకి జానెడెత్తున, కుర్చీ. వాలు రోడ్డు మీద కూర్చుని వదిలితే చాలు, మలుపు దగ్గర ఆ ప్లాస్టిక్ తారుని పట్టుకోలేక బండి వెనకభాగం పక్కకి జారిపోతుంది. మజా అంతా ఆ జారుడులోనే ఉంది. పెళ్ళీడు మగాళ్ళు పిల్లకాయల్లా కేకలు పెడుతుంటే వీధంతా నవ్వేది. వీళ్ళకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

వాళ్ళకొక కట్టుబాటు ఉంది. అతికినవాడే కొత్త బండి మొదట ఎక్కాలి.

ఎనిమిది నెలల క్రితం అది తప్పింది. బక్కోడి కొత్త బండికి వెనక ఇరుసు దగ్గర మేస్త్రీ మూడు చుక్కలే పెట్టాడు. వెల్డింగులో ముందు అలా చుక్కలు పెట్టి, వంకర లేదని చూసుకున్నాక చుట్టూ నిండుగా అతుకుతారు. ఈలోగా ఎవరిదో గేటు పని నెత్తి మీదికొచ్చింది. బక్కోడికి అదేం తెలుసు? వాడు బండి మొత్తానికి ఎర్రరంగు కొట్టేసుకుని, ఆరీ ఆరకముందే వచ్చి నిలబడ్డాడు.

"మేస్త్రీ, అయిపోయినట్టేగా?"

మేస్త్రీ ముసుగు కూడా పైకెత్తలేదు. "అయిపోయింది, పోరా! చెవిలో జోరీగలాగా!"

రెండో మలుపులో ఇరుసు ఊడింది. బక్కోడి తల గోడకి తగిలింది. అంతే.

దూకుడెక్కువ, చెబితే వినడు, అందుకే పోయాడని అందరూ అన్నారు. మేస్త్రీ కుక్కిన పేనులా ఊరుకున్నాడు. నెల తిరక్కముందే బక్కోడి అక్క షెడ్డుకొచ్చింది. వాడికి తల్లయినా తండ్రయినా ఆమే.

"తమ్ముడూ, మావాడి దూకుడు వల్ల నీ పనికి చెడ్డపేరొచ్చింది. వాడి బదులు నేను క్షమాపణ అడుగుతున్నా, మనసులో పెట్టుకోకు."

భూమి చీలితే బాగుండుననిపించింది మేస్త్రీకి. కానీ నోటి నుంచి వచ్చింది ఒకటే మాట. "పర్లేదక్కా."

చనిపోయినవాడి మీద నింద పడనిచ్చి, పైగా వాణ్ణి క్షమించాడు. ఆ రోజు నుంచి ముద్ద దిగదు, నిద్ర పట్టదు.

మొన్న పోలీస్ స్టేషన్ వాళ్ళు బండి ముక్కలు అక్కకి తిరిగిచ్చారు. "చూడలేకపోతున్నాను, పట్టుకుపో తమ్ముడూ," అని ఫోను చేసింది. మేస్త్రీకి ముందు తోచిన ఆలోచన ఎంత పాడుదో వాడికే తెలుసు. తెచ్చి, కోసి, పాత ఇనుములో పడేస్తే ఆ మూడు చుక్కలు ఇక ఎవరి కంటా పడవు.

షెడ్డు మూసి, ఖాళీ గోతం పట్టుకుని అక్క ఇంటికి వాలు రోడ్డు ఎక్కడం మొదలుపెట్టాడు. పొద్దు వాలింది. దీపాలింకా వెలగలేదు. మంచు కిందికి దిగి గోడలని సగానికి మింగేసింది. తడిసిన తారు వాసన. ఎక్కడా మనిషి అలికిడి లేదు.

మొదటి మలుపు దాటాక వినిపించింది.

గర్ర్...

తారు మీద ప్లాస్టిక్ రాసుకునే చప్పుడు. కానీ దిగుతూ కాదు. వాలుకి ఎదురు... ఎక్కుతూ వస్తోంది. వెనక.

తిరిగి చూశాడు. మంచు. కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. నడక పెంచాడు. చప్పుడూ పెరిగింది. రెండో మలుపు దగ్గర... ఆగింది. సరిగ్గా మడమ వెనక. జానెడెత్తున ఎవరో కూర్చున్నట్టు, మోకాలి వెనక చల్లని ఊపిరి.

"మేస్త్రీ... అయిపోయినట్టేగా?"

గోతం అక్కడే పడేసి పరుగెత్తాడు.

అక్క తలుపు తీసింది. లోపల చీకటి. గడప దాటకుండానే వాడు కూలబడ్డాడు.

"అక్కా, వాడి తప్పు కాదు. చుక్కలే పెట్టాను. నిండుగా అతకలేదు. అయిపోయిందని అబద్ధం చెప్పాను. నేనే చంపానక్కా!"

 అక్క మెల్లగా, "రా," అంది.

వెనక గదికి తీసుకెళ్ళింది. పాత సామాన్లు పడేసే గది, కరెంటు కూడా లాగలేదు. మేస్త్రీ ఫోను లైటు వేశాడు. ఎర్రబండి గోడకి ఆనించి ఉంది. రెండు ముక్కలుగా కాదు. ఒకటిగా.

వంగి చూశాడు. ఇరుసు చుట్టూ నిండుగా అతుకు. బొటనవేలంత మేర మాత్రం ఖాళీ ఉంది. అతుకు వంకర టింకరగా, వానపాము పాకినట్టుంది. చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు నేర్పినా అలా వంకరగా అతికేవాడు బక్కోడొక్కడే. వేలు తాకించి చురుక్కుమంటే లాక్కున్నాడు. ఇంకా వేడిగా ఉంది.

"అక్కా... ఎవరు చేశారిది?"

లైటు ఆమె ముఖం మీద పడింది. ఆమె చప్పున చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు వాచి, నిప్పుల్లా ఎర్రబడి, ధారగా కారుతున్నాయి. ఏడ్చిన కళ్ళు కావవి. ముసుగు లేకుండా వెల్డింగు మంట చూసినవాళ్ళకి అలా అవుతాయి. అది మేస్త్రీకి కొత్త కాదు.

"మూడు రాత్రులుగా వస్తున్నాడు," గుసగుసగా అంది. "మంటని నేరుగా చూడకక్కా అంటాడు. చూడకుండా ఎలా ఉంటాను? నీ పేరు చెడకూడదంట. రేపు ఎవరు చూసినా అతుకు నిండుగానే ఉండాలంట. నువ్వొచ్చి ఒప్పుకున్నా నమ్మొద్దన్నాడు."

"నమ్మక్కా! నిజంగా నేనే... తిట్టక్కా, కొట్టక్కా!"

ఆమె వాడి తల మీద చెయ్యి వేసింది. అంత దయగా ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. మేస్త్రీకి ఏడుపు కూడా రాలేదు.

"ఇవాళ్టితో అయిపోతుందన్నాడు," అంది. "కళ్ళు మూసుకో తమ్ముడూ."

ఫోను లైటు దానంతటదే ఆరిపోయింది. మేస్త్రీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

మూసిన రెప్పల మీద నీలం వెలుతురు పడింది.