పాడుపెట్టిన గదిలోంచి వైరు

సాయంత్రం ఆరు కావస్తోంది. మధ్యాహ్నం నుంచి ఒకటే ముసురు. షామీర్‌పేట చెరువు వైపు నుంచి చల్లటి గాలి. నేను వంటింట్లో చారుకు పోపు పెడుతున్నాను. మా నయన హాల్లో కూచుని ఇంటర్ రికార్డు రాసుకుంటోంది. దాని పక్కన మా ఆయన జనార్ధన్, ఫోన్లోంచి స్పీకర్లకు పాట పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆయనకు ఉన్నది ఒకటే పిచ్చి. పెళ్ళికి ముందు మట్టికుండ మూతికి స్పీకరు బిగించి మొదలుపెట్టాడట. తర్వాత కోఠి నుంచి ఒక్కో సామాను తెచ్చి ఆంప్లిఫయర్ కట్టాడు. నచ్చక విప్పి మళ్ళీ కట్టాడు. టేకు చెక్కతో నడుమెత్తు స్పీకర్లు చేయించాడు. హాలు పక్కనున్న కింది గది గోడలకు కొబ్బరిపీచు పలకలు కొట్టాడు. "భూమి అమ్మి అందరు బంగ్లాలు కట్టిన్రు, మా బావ వైర్లు కొన్నడు," అని మా తమ్ముడు లక్ష్మణ్ ఎగతాళి.

"గీడ కూసో," అని మా ఆయన నన్ను రెండు స్పీకర్లకు ఎదురుగా కూచోబెట్టేవాడు. "పాడేటామె మధ్యల నిలవడ్డట్టు లేదూ?"

"లేదు. అన్నం మాడుతాంది."

నిజానికి ఉండేది. ఎవరూ లేని చోట మనిషి ఉన్నట్టే ఉండేది. నాకది నచ్చేది కాదు.

మా అత్త పద్మమ్మ మెట్లెక్కలేక ఆ కింది గదిలోనే మంచం పట్టింది. అప్పుడే ఆయన స్పీకర్లు హాల్లోకి తెచ్చి, గోడకు బెజ్జం చేసి వైరు లాగాడు. ఆంప్లిఫయర్ మస్తు బరువని లోపలే ఉంచాడు. ఫోన్ నుంచి బ్లూటూత్‌తో పాట దాంట్లోకి పోయి, ఆ వైరు మీద స్పీకర్లకు వచ్చేది. అత్త ఆ గదిలోనే పోయింది. నక్షత్రం మంచిది కాదు, ఇల్లు మూడు నెలలు పాడుపెట్టాలి, అందరూ ఖాళీ చేయాలి అన్నాడు అయ్యగారు.

"ఇల్లంత ఎందుకు అయ్యగారూ? గా రూం ఒక్కటి బంద్ చేస్తే సాలదా?" అన్నాడు మా ఆయన.

అయ్యగారు పంచాంగం మూసేశాడు. "మీ ఇష్టం. కానీ కిటికీ సందులతో సహా మూయండి. లోపలిది ఏదీ బయటికి రాకూడదు."

తాళం వేసిన రోజు ఆయనకు గోడ బెజ్జం చూపించాను. "వైరు పీకెయ్యి."

"సుట్టు సిమెంటు వెట్టిన గదనే. వైర్ల రాగి తప్ప ఏముంటది? మూడు నెలలు పాట లేకుంట నేనుండలేను."

నేను తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.

ఆ సాయంత్రం పోపు చిటపటమంటుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద హాల్లో ఒక్క బల్బు వెలిగింది. మూసిన గదికి ఇన్వర్టర్ లైను లేదు. పాట ఆగిపోవాలి. ఆగింది.

తర్వాత... ఊపిరి వినిపించింది.

హాల్లోకి వచ్చాను. తడిసిన కొబ్బరిపీచు వాసన. దాని వెనకే, అత్త మోకాళ్ళకు రాసే నీలగిరి తైలం వాసన.

"ఫోన్ బంద్ చెయ్యయ్యా."

"బందే ఉన్నది," అన్నాడు గుసగుసగా. "సప్పుడు చెయ్యకు."

ఊపిరి రెండు స్పీకర్ల మధ్య ఉంది. మంచమంత ఎత్తులో. లోపలికి... బయటికి...

"నయనా... తలుపు తియ్యి బిడ్డా..."

అత్త గొంతు.

నయన లేచింది. "అవ్వ పిలుస్తాంది అమ్మా."

"కూసో."

కూచోలేదు. మూసిన తలుపు దగ్గరికి వెళ్ళి తాళం పట్టుకుంది. ఆయన కళ్ళు తెరవకుండానే జేబులోంచి తాళంచెవి తీసి దాని వైపు చాపాడు. చెంపల మీద నీళ్ళు.

"గింత సాఫ్‌గ ఎన్నడన్న ఇన్నవానే?"

కూరగాయల కత్తి తెచ్చాను. గోడ దగ్గర వైరు కోసేశాను.

స్పీకర్లు ఆగిపోయాయి.

ఊపిరి ఆగలేదు.

స్పీకర్లలోంచి కాదు. హాల్లో. మా మధ్య. వైరు ఉన్నంతసేపు దానికి వెనక్కి పోయే దారి ఉంది... ఆ దారి నేనే కోసేశాను.

ఇద్దరి చేతులూ పట్టి బయటికి లాగాను. ఆయన అడ్డం చెప్పలేదు, నడిపిస్తే నడిచాడు. కారు నేనే తోలాను. పొయ్యి ఆర్పానో లేదో గుర్తులేదు. మేడ్చల్‌లో తమ్ముడి ఇంటికి చేరేదాకా వెనక్కి చూడలేదు.

"ఏమైంది బావా?" అన్నాడు లక్ష్మణ్.

ఆయన పలకలేదు. లక్ష్మణ్ ఆయన చెవి పక్కన గట్టిగా చప్పట్లు కొట్టాడు. రెప్ప కూడా వేయలేదు. చిన్న శబ్దం తేడా పట్టే మనిషి.

సోఫాలో తల ఓ పక్కకు వంచి కూచున్నాడు. కాసేపటికి "ఊఁ" అన్నాడు. ఆగి, మళ్ళీ "ఊఁ". ఎవరో కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొట్టినట్టు.

"ఎవలతోని మాట్లాడుతున్నడక్కా?" అన్నాడు తమ్ముడు.

నేను లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. పడుకున్న నయనకు దుప్పటి కప్పి, పక్కన కూచున్నాను. ఎవరెవరు క్షేమంగా వచ్చామని మనసులో లెక్కపెట్టుకున్నాను. నేను వచ్చాను. నయన వచ్చింది. ఆయన్ని... లెక్కలో వేయడానికి మనసొప్పలేదు.

మళ్ళీ మొదలుపెట్టాను. నేను వచ్చాను. నయన...

నిద్రలోనే, కళ్ళు తెరవకుండా, నయన "ఊఁ" అంది.